న్యూ ఆర్లియన్స్ నుండి ఒకే రోజులో చెరకు తోటల చరిత్ర, చిత్తడి అడవిలో పడవ ప్రయాణం: రెండూ కుదురుతాయా?

ప్రశ్న: శారదాతీరం

నమస్కారం. మేము హ్యూస్టన్‌లో ఉంటాము. ఏప్రిల్ మొదటి వారంలో మా అమ్మానాన్నలతో, పదేళ్ల మా అబ్బాయితో కలిసి కారులో న్యూ ఆర్లియన్స్ వెళ్లి మూడు రాత్రులు ఉండాలనుకుంటున్నాము. అందులో ఒక రోజు మిసిసిపీ ఒడ్డున ఉన్న పాత చెరకు తోటలు చూసి, అదే రోజు చిత్తడి అడవిలో పడవ ఎక్కాలని ఆలోచన. బస్సులో తీసుకువెళ్లి రెండూ చూపించే ప్యాకేజీలు కనబడుతున్నాయి గానీ, సొంత కారు ఉన్నప్పుడు వాటి అవసరం ఉందా అన్నది నా మొదటి సందేహం.

మా నాన్నగారిది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. చెరకు పండించి బెల్లం వండిన ఇంట్లో పుట్టి, హైస్కూలులో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. లూసియానాలో చెరకు పండుతుందని తెలిసినప్పటి నుండి ఆయనకు ఈ ప్రయాణం మీద నాకంటే ఎక్కువ ఆసక్తి. అమ్మకు మాత్రం మనసు ఒప్పడం లేదు. మనుషులను కొని, కొట్టి పని చేయించిన చోటికి సరదాగా వెళ్లి, ఓక్ చెట్ల కింద నిలబడి ఫొటోలు దిగి రావడమేమిటి అని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు.

ఏ తోట చూడాలి, ముందు తోటకు వెళ్లాలా పడవకు వెళ్లాలా, వినికిడి యంత్రం పెట్టుకునే నాన్నగారికి ఎలాంటి పడవ నయం, మాంసం ముట్టని అమ్మకు మధ్యాహ్న భోజనం ఎలా అన్నవి మిగిలిన సందేహాలు. అక్కడికి వెళ్లి వచ్చినవారు చెప్పగలరు.

జవాబు: ఏటిగట్టు

శారదాతీరం గారికి నమస్కారం. నేను బేటన్ రూజ్‌లో పదకొండేళ్లు ఉన్నాను. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఆ ఏటిగట్టు రోడ్డు మీద తిప్పిన అనుభవంతో రాస్తున్నాను.

మొదట మీ అమ్మగారి ప్రశ్న సంగతి చెబుతాను, ఎందుకంటే ఏ తోట చూడాలన్నది దాని మీదే ఆధారపడి ఉంది. ఆమె అభ్యంతరం న్యాయమైనదే. అక్కడి తోటలలో కొన్ని చాలా కాలం పాటు యజమానుల మేడ, పింగాణీ సామాను, పెళ్లి గౌన్ల గురించే చెప్పి పంపేవి. నేను మొదటిసారి ప్యాకేజీ బస్సులో వెళ్లినప్పుడు, పేరు చెప్పను గానీ, ఒక మేడలో గైడు గంటసేపు మాట్లాడి, అక్కడ బతికిన వందలాది బానిసలను ఒకే ఒక్కసారి, అదీ ‘పనివారు’ అని ప్రస్తావించింది. ఆ బస్సు మమ్మల్ని తోటలో నిలిపిన సమయంలో సగం టికెట్ల వరుసలోనే గడిచిపోయింది. అందుచేత కారు ఉన్నవారు ప్యాకేజీ జోలికి పోనక్కరలేదన్నది నా అభిప్రాయం.

మీ కుటుంబానికి తగినది వాలెస్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న విట్నీ తోట. న్యూ ఆర్లియన్స్ నుండి గంట లోపు ప్రయాణం. 1752లో ఆంబ్రోయిజ్ హైడెల్ అనే జర్మన్ వలసదారు కొన్న భూమి అది. మొదట నీలిమందు, తరువాత చెరకు పండించారు. జాన్ కమింగ్స్ అనే న్యాయవాది దానిని కొని, సంవత్సరాల తరబడి బాగుచేయించి, 2014 డిసెంబరులో ప్రజలకు తెరిచారు. 2019లో లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించారు. అక్కడ కథ మేడతో మొదలు కాదు. ఆ ఒక్క తోటలో బానిసలుగా బతికిన మూడువందల యాభై మందికి పైగా మనుషుల పేర్లు ఒక గోడ మీద చెక్కి ఉన్నాయి. మరొకచోట, గ్వెండొలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి పాత దస్తావేజుల నుండి ఏళ్ల తరబడి ఏరి కూర్చిన 1,07,000 పేర్లు రాతి పలకల మీద ఉన్నాయి. చాలా పేర్లకు ఇంటిపేరు లేదు. కొన్నిటి పక్కన పుట్టిన దేశం, వయసు మాత్రమే ఉంటాయి. మూడేళ్లు నిండకుండానే చనిపోయిన 2,200 మంది బానిస పిల్లల పేర్లకు వేరే ఆవరణ ఉంది. మీ అమ్మగారు అక్కడ ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చోనివ్వండి. ఫొటోల కోసం కట్టిన చోటు కాదని ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

మీ అబ్బాయి విషయంలో ఒక హెచ్చరిక. 1811 జనవరి 8న చార్లెస్ డెస్‌లాండ్స్ నాయకత్వంలో ఈ ఏటిగట్టు వెంట వందలాది బానిసలు తిరగబడి న్యూ ఆర్లియన్స్ వైపు నడిచారు. మూడు రోజులలోపే ఆ తిరుగుబాటును అణచివేసి, పాల్గొన్నవారి తలలు నరికి గట్టు వెంబడి గుంజలకు గుచ్చారు. విట్నీలో దానికి శిల్పరూపంలో స్మారకం ఉంది. ముందు మీలో ఒకరు చూసి వచ్చి, పిల్లవాడికి చూపాలో వద్దో నిర్ణయించుకోవడం మంచిది. పాత చర్చిలో నిలబెట్టిన బానిస పిల్లల మట్టిబొమ్మలు మాత్రం తప్పక చూపించండి.

మీ నాన్నగారిని ఇనుప పెనాల దగ్గరికి తీసుకువెళ్లండి. బెల్లం వండిన ఇంటివారికి వాటిని చూడగానే విషయం అర్థమవుతుంది. ఒకే పొయ్యి మీద పెద్ద పెనం నుండి చిన్న పెనం వరకు వరుసగా పెట్టి, మరుగుతున్న రసాన్ని పొడవాటి గరిటెలతో ఒకదాని నుండి మరొకదానిలోకి తోడుతూ పాకం పట్టేవారు. తేడా ఎక్కడ ఉందంటే, లూసియానాలో శీతకాలం మంచు పడుతుంది, మంచు తగిలిన చెరకు పాడవుతుంది. కాబట్టి అక్టోబరు నుండి డిసెంబరు లోగా నరకడం, ఆడించడం, వండడం అన్నీ ముగించాలి. ఆ రెండు మూడు నెలలు పొయ్యి ఆరేది కాదు, రాత్రింబవళ్లు వంతుల మీద పని చేయించేవారు. కునికినవారి చేయి గానుగలో పడేది, పాకం మీద పడి ఒళ్లు కాలేది. ఆ చెరకు జిల్లాలలో బానిసల పుట్టుకల కంటే చావులే ఎక్కువ. తగ్గినవారి స్థానంలో వర్జీనియా, మేరీల్యాండ్ వైపు నుండి కొత్తవారిని కొని తెచ్చేవారు. న్యూ ఆర్లియన్స్ బజారు అంత పెద్దది కావడానికి ఈ చక్కెర ఒక ముఖ్య కారణం.

ఆ పెనాల దగ్గరే నాన్నగారికి నార్బర్ట్ రిల్యూ పేరు కూడా చెప్పండి. 1806లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన నల్లజాతి సంతతి ఇంజనీరు. ఒక పాత్రలో పుట్టిన ఆవిరితోనే తక్కువ ఒత్తిడిలో ఉన్న తరువాతి పాత్రను మరిగించే యంత్రానికి 1843లో పేటెంటు పొందారు. ఈనాటి చక్కెర మిల్లులలో రసాన్ని చిక్కబరిచేది ఆ సూత్రం మీదనే, మన వైపు మిల్లులతో సహా.

ఓక్ చెట్లు చూడాలని ఉంటే, విట్నీ నుండి మరికొంత ఎగువకు వాషరీలో ఓక్ ఆలీ ఉంది. ఇరవై ఎనిమిది చెట్లు రెండు వరుసలలో మేడ దాకా నిలబడి ఉంటాయి. మేడ 1839లో పూర్తయింది, చెట్లు దానికంటే చాలా పాతవి. అక్కడ నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఆంట్వాన్ అనే బానిస తోటమాలి 1840లలో అక్రోటు వంటి కాయ కాసే పీకన్ చెట్టుకు అంటుకట్టి, పలుచని తొక్క ఉన్న కాయ పండించాడు. ఇప్పుడు మనం డబ్బాలలో కొనుక్కునే మేలురకం పీకన్లకు దారి వేసిన పని అది. అయితే ఒకే రోజులో రెండు తోటలూ, పడవా పెట్టుకోవద్దు. పెద్దవారు అలసిపోతారు.

జవాబు: పడవరేవు

ఏటిగట్టు గారు తోటల గురించి చెప్పవలసినదంతా చెప్పారు. పడవ గురించి నేను రాస్తాను.

మొదట దిక్కు చూసుకోవాలి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. హనీ ఐలండ్ చిత్తడి అడవి స్లైడెల్ దగ్గర, నగరానికి తూర్పున ఉంది. తోటలు పడమరన ఉన్నాయి. రెండూ పెట్టుకుంటే సగం రోజు హైవే మీదే గడుస్తుంది. విట్నీ చూసినవారికి లాప్లేస్ వైపు మాన్‌చాక్, మోరెపా చిత్తడులే దగ్గర. వాలెస్ దగ్గర వంతెన దాటి అవతలి ఒడ్డుకు వెళ్తే సుమారు అరగంట.

పడవలు రెండు రకాలు. వెనుక విమానపు పంకా బిగించిన ఎయిర్‌బోటు వేగంగా పోతుంది, పిల్లలకు హుషారు. అయితే చెవులకు కప్పులు పెట్టుకోకుండా కూర్చోలేము, నడిచేటప్పుడు గైడు మాట వినబడదు. వినికిడి యంత్రం ఉన్నవారికి అది నరకమే. మీరు పైకప్పు, వరుస బెంచీలు ఉన్న నెమ్మది పడవను ఎంచుకోండి. అది ఆగినప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, తాబేలు దుంగ మీద నుండి నీటిలోకి జారిన చప్పుడు కూడా వినబడుతుంది.

వేళ విషయానికి వస్తే, ఉదయం విట్నీ, మధ్యాహ్నం పడవ. ఏప్రిల్ ఉదయాలు కొంచెం చల్లగా ఉండవచ్చు. మొసలికి సొంత వేడి లేదు కాబట్టి ఎండ ఎక్కాకే ఒడ్డుకు వచ్చి పడుకుంటుంది. చలికాలంలో వెళ్లి ఒక్కటి కూడా కనబడలేదని నిరాశపడేవారు ఇందుకే ఎక్కువ. చర్మం కోసం వేటాడి వేటాడి ఒకప్పుడు అంతరించే స్థితికి తెచ్చిన జంతువు ఇది. 1967లో రక్షిత జాబితాలో చేర్చారు, కోలుకున్నాక 1987లో తీసివేశారు. కొన్ని పడవల వారు మార్ష్‌మాలో మిఠాయిలు విసిరి వాటిని దగ్గరికి రప్పిస్తారు. పిల్లలకు నచ్చుతుంది గానీ, నాకైతే గుడి కోనేటి చేపలకు మరమరాలు వేసినట్లే అనిపించింది.

మీ నాన్నగారికి గుర్రపుడెక్క చూపించండి. మన కాలువలను పూడ్చిన మొక్కే, ఇక్కడ కూడా బయటి నుండి వచ్చి ఇదే పని చేస్తోంది. నీటిలో నుండి మోకాళ్లలా పైకి పొడుచుకు వచ్చే సైప్రస్ వేర్లు, కొమ్మల నుండి జడల్లా వేలాడే స్పానిష్ మాస్ కూడా చూడదగినవి. ఆ జడలు నిజానికి నాచు కాదు, అనాస కుటుంబానికి చెందిన మొక్క. వాటిని ఎండబెట్టి పరుపులలో కూరేవారు, మట్టిలో కలిపి ఇళ్ల గోడలకు మెత్తేవారు, మన పల్లెల్లో గోడమట్టిలో గడ్డి కలిపినట్లే.

జవాబు: వలసపక్షి

పై ఇద్దరి సలహాలతో నాకు పేచీ లేదు గానీ, ఈ రెండింటినీ ‘చరిత్ర ఒక పూట, సరదా ఒక పూట’ అని విడదీసి చూడడం సరికాదని చెప్పాలని ఉంది. ఆ నేల తీరు చూడండి. మిసిసిపీ వేల ఏళ్లుగా వరదలకు పొంగి ఒడ్డున ఒండ్రు పోసి మెరక చేసింది. నది నుండి దూరం పోయేకొద్దీ పల్లం. అందుకే భూములను నది వైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా చీలికలు చేసి పంచారు. లోతు సాధారణంగా నలభై ఆర్పెంట్లు, అంటే దాదాపు 2.3 కిలోమీటర్లు. మెరకన మేడ, దాని వెనుక గుడిసెలు, ఆపైన చెరకు, చివరన చిత్తడి. విట్నీలో చెరకు చేల వైపు తిరిగి నిలబడి చూస్తే దూరాన చెట్ల గీత ఒకటి కనబడుతుంది. మధ్యాహ్నం మీరు పడవలో వెళ్లేది అలాంటి అడవిలోకే. మేడ దూలాలకు సైప్రస్ వచ్చినది అక్కడి నుండి. దానిని నడుము లోతు నీటిలో నిలబడి నరికినవారు కూడా ఆ గోడ మీది పేర్లవారే.

పారిపోయినవారు దాక్కున్నదీ అక్కడే. 1780లలో, స్పెయిన్ ఏలుబడిలో, హువాన్ సాన్ మాలో అనే వ్యక్తి నగరానికి దిగువన ఉన్న చిత్తడులలో పారిపోయిన బానిసలను కూడగట్టి ఊళ్లు నిలిపాడు. వారు చేపలు పట్టి, మొక్కజొన్న వేసి, సైప్రస్ దుంగలు చెక్కి, రంపపు మిల్లుల వారికే చాటుగా అమ్మి బతికారు. 1784 జూన్ 19న అతడిని నగరం మధ్యన ఉరితీశారు. ఇప్పుడు అందరూ తీపి బెన్యే తినడానికి చేరే జాక్సన్ కూడలి అదే. పడవ గైడు మొసళ్ల గురించి చెప్పి ఊరుకుంటే, పారిపోయినవారి గురించి మీ అబ్బాయి చేత అడిగించండి. కొందరు గైడులు చాలా బాగా చెబుతారు.

మీ నాన్నగారు సాంఘిక శాస్త్రం మేష్టారు గనుక ఇంకొక మాట. 1830లలో బ్రిటిష్ ఏలుబడిలోని దీవులలో బానిసత్వం రద్దయ్యాక, అక్కడి చెరకు తోటలకు కూలీలను మన తీరం నుండి కూడా ఓడలెక్కించారు. మారిషస్‌లో తెలుగువారికి కోరంగీలు అన్న పేరు కాకినాడ దగ్గరి కోరంగి రేవు వల్ల వచ్చినదే. ఒప్పందపు కూలీ బానిస కాదు. గడువు ఉండేది, ఎంత తక్కువైనా జీతం ఉండేది, పిల్లలు యజమాని ఆస్తి కారు. ఆ తేడాను చెరిపివేయకూడదు. కానీ ఆ పెనాల ముందు నిలబడినప్పుడు నాకు కోరంగి గుర్తుకు వచ్చింది.

భోజనం గురించి ఎవరూ చెప్పలేదు. ఆ దారిలో శాకాహారం దొరకడం కష్టం. ఎర్ర చిక్కుడు గింజల కూరలో కూడా పంది సాసేజి వేస్తారు, గంబో అనే అక్కడి పులుసులో రొయ్యలో కోడో తప్పదు. ఆ గంబో అన్న మాటకు మూలం బెండకాయకు ఆఫ్రికా భాషలలో ఉన్న పేరేనని మీ అమ్మగారికి చెబితే, ఆ వంటకంతో ఆ మాత్రం చుట్టరికమైనా కలుస్తుంది. పులిహోర కట్టుకుని వెళ్లండి.

శారదాతీరం

అందరికీ కృతజ్ఞతలు. జవాబులన్నీ అమ్మానాన్నలకు చదివి వినిపించాను. విట్నీకి ఉదయం వేళకు, లాప్లేస్ వైపు పైకప్పు ఉన్న పడవకు మధ్యాహ్నం రెండు గంటలకు టికెట్లు తీసుకున్నాను. ఓక్ ఆలీ మానుకున్నాము. పిల్లల పేర్లు ఉన్న ఆవరణ గురించి విన్నాక అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత వస్తానంది, అక్కడ మాత్రం ఎవరూ ఫోను బయటికి తీయకూడదని షరతు పెట్టింది. నాన్నగారికి ఆ పొడుగు చీలికల భూములను పటంలో చూడాలని ఉంది. అలాంటి పాత పటం ఏదైనా దొరుకుతుందా?

ఏటిగట్టు

దొరుకుతుంది. 1858లో పెర్సాక్ గీసిన దిగువ మిసిసిపీ పటాన్ని అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వారు ఇంటర్నెట్‌లో ఉంచారు. నది వంపుల వెంట ఒక్కొక్క తోట చీలిక, దాని మీద యజమాని పేరు స్పష్టంగా ఉంటాయి. బాగా పెద్దది చేసి చూడాలి, అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి. నాన్నగారి కళ్లద్దాలు దగ్గర పెట్టుకోమనండి.