నాలుగు సెమిస్టర్లు, మూడు దేశాలు: ఐటీ మేనేజ్‌మెంట్ వైపు మాస్టర్స్ ఇలా చదవడం మంచిదేనా?

నల్గొండ అమ్మాయి:
అందరికీ నమస్తే. బీటెక్ అయ్యాక నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం. ప్రభుత్వ సేవల పోర్టల్ ప్రాజెక్టు మాది, అంటే మీసేవ కౌంటర్లో మనం ఆదాయం సర్టిఫికెట్‌కి పెట్టుకుంటే ఆ అప్లికేషన్ తహసీల్దార్ ఆఫీసుకి ఎలా వెళ్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు ఆగిపోతుంది, అది చూసే టీమ్. కోడింగ్ కంటే ఈ పనే నాకు నచ్చింది, దీన్నే బాగా చదువుకోవాలని ఉంది. ప్రభుత్వ సేవల్ని డిజిటల్‌గా నడపడం గురించి పయనీర్ అని ఒక ఎరాస్మస్ ముండస్ కోర్సు (యూరప్‌లో వేర్వేరు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే మాస్టర్స్) కనిపించింది. మొదటి సెమిస్టర్ బెల్జియంలో లూవెన్, రెండోది జర్మనీలో మ్యూన్‌స్టర్, మూడోది ఎస్టోనియాలో టాలిన్, నాలుగోది ఈ మూడింట్లో ఒకచోట థీసిస్. మొత్తం 120 క్రెడిట్లు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ఒకే దేశంలో చదవమన్నారు. నాన్న కూడా అదే మాట, "ఆడపిల్లవి, ఐదు నెలలకో దేశం ఎలా తిరుగుతావు" అని. వీసాలు ప్రతిసారీ కొత్తగా తీసుకోవాలా? తర్వాత ఉద్యోగం ఏ దేశంలో వెతుక్కోవాలి? చదివినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

టాలిన్ చలి:
నేను ఆ కోర్సే చదివానండి. ముందు వీసా సంగతి. ప్రతి దేశానికీ మళ్లీ మొదటినుంచి తీసుకోనక్కర్లేదు. 2016లో వచ్చిన ఈయూ రూల్ ప్రకారం ఇలాంటి ఉమ్మడి కోర్సుల్లో ఉన్నవాళ్లు మొదటి దేశం ఇచ్చిన రెసిడెన్స్ కార్డుతోనే రెండో దేశంలో 360 రోజుల దాకా చదువుకోవచ్చు, ఆ దేశానికి ముందుగా తెలియజేయాలి అంతే. జర్మనీకైతే ఆ సమాచారం అక్కడి యూనివర్సిటీ ద్వారానే వెళ్తుంది. కానీ మీ కార్డు గడువు అక్కడ ఉండే రోజులన్నిటికీ సరిపోవాలి, ఆ తేదీ మాత్రం చేతికి రాగానే చూసుకోండి.

బెల్జియంలో దిగిన ఎనిమిది పనిదినాల్లో మునిసిపాలిటీలో పేరు నమోదు చేయించుకోవాలి. తర్వాత లోకల్ పోలీసు ఇంటికొచ్చి మనం నిజంగా అక్కడ ఉంటున్నామా అని చూస్తాడు. కాలింగ్ బెల్ దగ్గర మన పేరుండాలి. నేను ఆ సంగతి తెలియక ఊరుకున్నాను, ఆయన వచ్చి పేరు లేదని వెళ్లిపోయాడు, ఆ రోజు సాయంత్రమే నోట్‌బుక్ కాగితం చింపి పేరు రాసి సెల్లోటేపుతో అతికించాను. మళ్లీ వచ్చేదాకా కార్డు రాదు, కార్డు రాకపోతే జర్మనీ కాగితాలు కదలవు, మామూలు టెన్షన్ కాదు.

ఇక చదువు. మీరు చేస్తున్న పనికి ఇంతకంటే దగ్గరి కోర్సు నాకు తెలియదు. ఎస్టోనియాలో 2001 నుంచే ఎక్స్‌రోడ్ అనే వ్యవస్థ ఉంది, ఒక ఆఫీసుకి ఇచ్చిన వివరం ఇంకో ఆఫీసు మళ్లీ మనల్ని అడగదు, వాళ్లలో వాళ్లే తీసుకుంటారు. మన వివరాలు ఎవరు చూశారో కూడా మనం చూసుకోవచ్చు. జర్మనీ పరిస్థితి వేరు. 575 సేవలు 2022 చివరికల్లా ఆన్‌లైన్‌లోకి తేవాలని 2017లో చట్టం చేశారు, గడువుకి కాలేదు. ఒక పెద్ద కారణం ఏంటంటే కేంద్రం, రాష్ట్రాలు, మునిసిపాలిటీలు ఎవరి సిస్టమ్ వాళ్లు పెట్టుకున్నారు. ఎస్టోనియా జనాభా సుమారు 13 లక్షలు, మీ నల్గొండ జిల్లా కంటే తక్కువ. మరి వాళ్ల పద్ధతి మనకు తెస్తే నడుస్తుందా? ఈ ప్రశ్న మూడు చోట్లా ఉండి చదివితేనే సరిగ్గా అర్థమవుతుంది, ఒకే దేశంలో చదివితే ఆ దేశం పద్ధతే పద్ధతి అనుకుంటాం. మోటివేషన్ లెటర్‌లో "టెక్నాలజీ అంటే నాకు ప్రాణం" లాంటివి వద్దు, తహసీల్దార్ లాగిన్‌లో అప్లికేషన్ ఎందుకు ఆగిపోతుందో అది రాయండి.

నల్గొండ అమ్మాయి:
చాలా థ్యాంక్స్ అన్నా. స్కాలర్‌షిప్ రాకపోతే నేను వెళ్లలేను, అది కూడా చెప్పండి.

డచ్ సైకిల్:
ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే కోర్సు ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు 24 నెలలు ఇస్తారు. విమానం టికెట్లు, వీసా ఖర్చులు, అద్దె అన్నీ అందులోనే సర్దుకోవాలి. కష్టమల్లా రూము దొరకడమే. లూవెన్‌లో స్టూడెంట్ గదిని కాట్ అంటారు, చాలామంది పది పన్నెండు నెలలకే అగ్రిమెంట్ అంటారు, ఒక్క సెమిస్టర్‌కి ఇచ్చేవాళ్లు తక్కువ. సీటు ఖాయం కాగానే వెతకడం మొదలుపెట్టండి.

ఉద్యోగం గురించి: చదువయ్యాక జర్మనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. నెదర్లాండ్స్‌లో ఒక్క సెమిస్టర్ చదవకపోయినా ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ ఉంటే ఏడాది ఓరియెంటేషన్ పర్మిట్‌కి (అక్కడ ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చేది) పెట్టుకోవచ్చు. కాకపోతే ప్రభుత్వ సేవల రంగంలోనే ఉండాలంటే అక్కడి భాష రావాలి, మూడు దేశాలు తిరిగితే మూడు భాషలూ అరకొరగా మిగులుతాయి. థీసిస్ ఎక్కడో ముందే అనుకుని ఆ ఒక్క భాష మొదటి రోజునుంచీ పట్టుకోండి. నేను ఆ పని చేయక ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

వరంగల్ నాన్న:
అమ్మా, మా అమ్మాయి కూడా ఇలాంటి కోర్సే చదివింది, నేనూ మీ నాన్నగారిలాగే వద్దన్నాను. ఆయనకు ఒక్క మాట చెప్పు. వీళ్ల బ్యాచ్ అంతా కలిసే ఒక ఊరినుంచి ఇంకో ఊరికి మారుతుంది, పిల్ల ఒంటరిగా ఉండదు. మా అమ్మాయి కుక్కర్ లూవెన్‌లో జూనియర్‌కి ఇచ్చి వెళ్లింది, అది ఆమెకు సీనియర్ ఇచ్చిందేనట, అడుగు మాడి నల్లగా ఉండేది, వీడియో కాల్‌లో చూపించేది. టాలిన్‌లో డిసెంబరులో మూడున్నరకల్లా చీకటి. చీకట్లో నడిచేవాళ్లు కోటుకి లైటు పడితే మెరిసే బిళ్ల తగిలించుకోవాలని అక్కడ చట్టమే ఉంది. నాకు నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి, అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు ఏ ఆఫీసులో ఏ కాగితమైనా తనే చూసుకుంటుంది, మమ్మల్ని కూడా తనే నడిపిస్తోంది.

నల్గొండ అమ్మాయి:
అంకుల్, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ బిళ్ల ఎక్కడ దొరుకుతుందని అడిగారు. సోమవారం సెలవు పెట్టి ట్రాన్స్‌క్రిప్ట్‌ల కోసం కూకట్‌పల్లి జేఎన్టీయూకి వెళ్తున్నాను. లెటర్ రాశాక ఇక్కడ పెడతాను, తప్పులుంటే చెప్పండి.