అకికో అనే పేరును ఏ అక్షరాలతో రాస్తారు? తెలిసినవారు చెప్పగలరు

నమస్కారం. మేము జపాన్‌లోని యోకొహామాలో ఉంటున్నాం. మా పక్కింటి పెద్దావిడ పేరు అకికో. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ ఎంతో ఆదరంగా చూసుకున్నారు. అందుకే కలంకారీ సంచి మీద ఆవిడ పేరు కుట్టించి ఇవ్వాలని మా కోరిక.

చిక్కంతా కంజీ లిపితోనే, అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థముండే లిపితోనే. పలకడం ఒకటే అయినా రాతలు చాలా ఉన్నాయి. ‘అకి’ని శరదృతువును సూచించే అక్షరంతో రాయవచ్చు, వెలుగు అనే అర్థమున్న అక్షరంతోనూ రాయవచ్చు. కవయిత్రి యొసానో అకికో (1878–1942) పేరులో ఉన్నది స్ఫటికాన్ని సూచించే అక్షరం. చివరి ‘కో’ అంటే బిడ్డ. ఒకప్పుడు ప్రభువుల ఇళ్ల ఆడపిల్లలకే ఉండిన ఈ ‘కో’ మెయిజీ కాలం (1868–1912) నుంచి సామాన్యుల ఇళ్లలోకీ వచ్చింది.

ఆవిడ ఇంటి ముందు పలక మీద ఇంటిపేరు మాత్రమే ఉంది. మాకు రాసిన చీటీలో హిరగానాలో, అంటే పలుకును మాత్రమే చూపే జపనీస్ లిపిలో, సంతకం చేశారు, దాన్నిబట్టి ఎలా పలకాలో తెలుస్తుందే తప్ప అర్థం తెలియదు. పుట్టినరోజు అక్టోబరులో కనుక శరత్తే అయి ఉంటుందని అమ్మ అంటోంది. కానీ ఊహను నమ్మి సూది పట్టలేం కదా!

జపాన్‌లో చాలాకాలంగా ఉన్నవారిని అడుగుతున్నాను: ‘మీ పేరు ఏ అక్షరాలతో రాస్తారు?’ అని పెద్దవారిని నేరుగా అడగడం ఇక్కడ మర్యాదేనా? ఆ మాటను గౌరవంగా జపనీస్‌లో ఎలా అనాలి? మరో సందేహం కూడా ఉంది. ఫుజివారా వంశపు మహారాణి షోషి (988–1074) పేరులోని అక్షరాలను అకికో అని కూడా చదువుతారు. ఆమె కాలంలో నిజంగా ఎలా పిలిచేవారు? కంజీ అర్థం కాకపోతే హిరగానాలోనే కుట్టిస్తే ఆవిడకు లోటుగా అనిపిస్తుందా?