రేషను కార్డులో పేరు పోయింది. ఆరోగ్య కార్డు కూడా పోయినట్లేనా?

ప్రశ్న (ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తెలుగింటి కోడలు)

పెద్దలకు నమస్కారం. మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు. జీడిపిక్కల పనిలో ముప్పై ఏళ్లు గడిపారు. సొన తగిలి తగిలి వేళ్ల కొనలు నున్నబడిపోవడంతో రేషను డీలరు దగ్గర ఈ-కేవైసీకి (ఆధార్‌తో గుర్తింపు తనిఖీకి) నాలుగుసార్లు వేలు పెట్టినా ముద్ర పడలేదు. చివరికి కార్డులో ఆమె పేరు తీసేశారు. ఆమెకు షుగరుతోపాటు గుండెజబ్బు కూడా ఉంది. ఒడిశా ప్రభుత్వం వైద్యానికి ఇచ్చిన పాత బిజు స్వాస్థ్య కల్యాణ కార్డు ఇంట్లో ఉంది గానీ, కొత్త ఆయుష్మాన్ కార్డు ఇంకా చేయించలేదు. మరోవైపు మా మరిది రాయగడ వైపు ఒక కర్మాగారంలో ఏడాదిన్నర పనిచేసి ఆగస్టు నెలాఖరుకు మానేశాడు. ఆ రోజుతోనే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఆగిపోయిందని అక్కడివారు చెప్పారట. వీరిద్దరికీ ఇప్పుడు ఏ దారి ఉందో చెప్పగలరు.

జవాబు (రాయగడ, జనసేవా కేంద్రంలో పని)

అమ్మా, ముందు అత్తగారి సంగతి చూద్దాం. డెబ్బై నిండినవారికి ఆదాయంతో గానీ రేషను కార్డుతో గానీ సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29 నుంచి అమలులో ఉంది. దీనికి ఆధార్‌లోని వయసే ప్రమాణం కాబట్టి పుట్టిన సంవత్సరం సరిగా ఉందో లేదో ఈరోజే చూడండి. వేలిముద్ర పడకపోతే కనుపాపతోనో, ముఖంతోనో, ఆధార్‌కు జోడించిన ఫోనుకు వచ్చే ఓటీపీతోనో గుర్తింపు చేయవచ్చు. ఆ మాట మీరే అడగాలి, ఎందుకంటే రద్దీలో చాలామంది వేలిముద్రతోనే ఆపేస్తారు. షుగరు ముందునుంచీ ఉందని భయపడనక్కరలేదు. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. అయితే ఇది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే గనుక, నెలనెలా మాత్రలకు ప్రభుత్వాసుపత్రిలో నిరామయ పథకం కింద ఉచితంగా ఇచ్చే మందులనే తీసుకోండి.

పాత కార్డును నమ్ముకుని ఉండవద్దు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 11న ఒడిశాలో కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్, రాష్ట్రం వారి గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి మొదలయ్యాయి. మిగతా కుటుంబానికి కూడా కొత్త కార్డులు చేయించండి. శ్రీకాకుళం, విశాఖ ఆసుపత్రులకు వెళ్లే అలవాటున్న మనవాళ్లు బయలుదేరే ముందు 14555కు ఫోను చేసి, ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో కనుక్కోవడం మంచిది.

జవాబు (బరంపురం)

మీ మరిదికి చెప్పిన మాట తప్పు. ఈఎస్ఐ నిబంధనల ప్రకారం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు మరుసటి జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టిన దానికి జూలై నుంచి డిసెంబరు వరకు ప్రయోజనం ఉంటుంది. ఒక్కో అర్ధసంవత్సరంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. ఏడాదిన్నర విడవకుండా పనిచేశాడు గనుక, ఆయనకు వచ్చే జూన్ నెలాఖరు వరకు వైద్యం దొరకాలి. చందా నిజంగా జమ అయిందో లేదో బీమా నంబరుతో చూసుకోమనండి. ఈ వ్యవధి ఉండగానే రేషను కార్డు ద్వారా ఆయుష్మాన్ అర్హత ఉందో చూసుకోవాలి. లేకపోతే ప్రైవేటు పాలసీ తీసుకోవడానికి కూడా ఇదే సమయం, ఎందుకంటే వాటిలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ పెట్టవచ్చు.

జవాబు (జయపురం)

ఒక్క మాట కలుపుతాను. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, ఒడియావారికి చివర; కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా పడి, మనుషులు ఉండగానే పేర్లు తప్పిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒడియా చదవగలవారితో అక్షరం అక్షరం చూపించుకోండి. తీసేసిన పేరు తిరిగి చేర్చమని పౌరసరఫరాల కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి రసీదు తప్పక తీసుకోండి. అక్కడ కదలకపోతే 2013 ఆహార భద్రతా చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అత్తగారిని తీసుకెళ్లి వయ వందన కార్డుకు గుర్తింపు కనుపాపతో చేయమని అడిగాను. మూడోసారికి యంత్రం తీసుకుంది. ఆధార్‌లో ఆమె వయసు డెబ్బై ఒకటి అని ఉంది కాబట్టి ఇబ్బంది లేదన్నారు. రేషను కార్డు దరఖాస్తుకు రసీదు తీసుకున్నాను. మరిది బీమా నంబరు వెతుకుతున్నాడు.