హుక్ దింపినా కేబుల్ పట్టట్లేదు, ఎవరికైనా తెలుసా?

అన్నయ్యలూ, పర్లాకిమిడి నుంచి రాస్తున్నా. ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, యాక్సిలరేషన్ ప్యాక్‌తో ఆడుతున్నా (2007 నాటిదే, మా పాత కంప్యూటర్‌కి అదే ఎక్కువ). దాంతో వచ్చిన ఎఫ్-18 యుద్ధవిమానం క్యారియర్ (విమానవాహక నౌక) మీద చక్కగా ఆగుతాది, నేను దించుకున్న యాడ్ఆన్ విమానం మాత్రం డెక్ మీద జర్రున జారి నేరుగా సముద్రంలోకే.

విమానం సెట్టింగులుండే ఎయిర్‌క్రాఫ్ట్ సీఎఫ్‌జీ ఫైల్ తెరిస్తే టెయిల్‌హుక్ (దిగేటప్పుడు డెక్ మీది కేబుల్‌ని పట్టే తోక కొక్కెం) సెక్షనే లేదు, సరేలే అని ఎఫ్-18 ఫైల్లోంచి ఆ సెక్షనూ, లాంచ్ అసిస్టెన్స్ సెక్షనూ రెండూ కాపీ కొట్టి పెట్టాను, ఇప్పుడు కేటపుల్ట్ (ఎగిరేటప్పుడు విమానాన్ని డెక్ మీంచి విసిరే యంత్రం) అయితే పట్టుకుంటోంది గానీ దిగేటప్పుడు నాలుగుసార్లకి మూడుసార్లు కేబుల్ దాటేస్తోంది, ఏటో అర్థం కావట్లేదు.

నా విమానం ఎఫ్-18 కంటే బాగా పొట్టిది. మరి హుక్ పొజిషన్ అడుగులు ఎక్కడి నుంచి కొలవాలి, ముక్కు నుంచా, రిఫరెన్స్ డేటమ్ (విమానం కొలతలకి ఆధారంగా పెట్టుకున్న పాయింట్) నుంచా? పొడవు పెంచితే సరిపోతాదా? మోడల్లో హుక్ బొమ్మ కదలకపోయినా పనిచేస్తాదా?

మన విక్రాంత్‌కి ఎలాగూ స్కీ జంపే (ముందువైపు పైకి వంగిన డెక్), కేటపుల్ట్ ఉండదు, కాబట్టి నాక్కావాల్సింది కేబుల్ ఒక్కటే. వైజాగ్‌లో నేవీ డే చూసొచ్చిన కాడ్నుంచి ఇదే పిచ్చి.

మీ ఫైల్లో ఆ లైన్లు ఎలా ఉన్నాయో పెట్టండి. ఒడియాలో రాసినా పర్లేదు, చదూతాను.