పైన్‌టాప్ పెర్కిన్స్‌ది గొప్ప పియానోనా, మంచి పక్కవాద్యమా?

రాగిచెంబు:
బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) గాయకుడు మడ్డీ వాటర్స్ బ్యాండ్‌లో 1969లో పియానిస్టు ఓటిస్ స్పాన్ వెళ్లిపోయాక ఆ పియానో ముందు కూర్చున్నది పెర్కిన్స్. 2011లో 97 ఏళ్ల వయసులో గ్రామీ గెలిచాడు. అప్పటిదాకా అంత వయసులో ఆ అవార్డు గెలిచినవాళ్లు లేరు. ఆయనంటే నాకు గౌరవమే. కానీ స్పాన్‌ని విన్న చెవితో వింటే, పెర్కిన్స్ కొన్ని పలుకులనే తిప్పి తిప్పి వాయిస్తున్నాడనిపిస్తుంది. వయసుకి ఇస్తున్న మర్యాదని విద్యకి ఇస్తున్నామేమో అని నా అనుమానం. మీరేమంటారు?

ఎడమచెయ్యి:
నేను ఒప్పుకోనండీ. ఆయన మొదట గిటారిస్టు. ఆర్కన్సా రాష్ట్రంలోని హెలెనాలో ఒకావిడ కత్తితో పొడిస్తే ఎడమచేతి నరాలు తెగి గిటార్ వదిలేశాడు. పియానోలో బూగీ (బ్లూస్‌లో ఉరకలేసే బాణీ) అంటే మళ్లీ ఆ ఎడమచేతి పనే! బార్‌కి (నాలుగు లెక్కల ఆవర్తనానికి) ఎనిమిది దెబ్బలు, పాట అయ్యేదాకా ఆగకూడదు.

నేను రెండేళ్లుగా నేర్చుకుంటున్నాను. ఒక రౌండ్‌కి 12 బార్లు, ఏ బార్‌లో ఏ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) అంటే: నాలుగు సి, రెండు ఎఫ్, రెండు సి, ఒక జి, ఒక ఎఫ్, మళ్లీ రెండు సి. కాగితం మీద చూస్తే చాలా సులువు. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 120 దెబ్బల్లో పెట్టి నాలుగు రౌండ్లు వాయించేసరికి ముంజేయి పట్టేసింది. కుడిచేత్తో చిన్న పలుకు వేద్దామనుకోగానే ఎడమచెయ్యి తడబడింది. ఆయన అదంతా వాయిస్తూనే పాడేవాడు కూడా.

మంద్రస్థాయి:
రాగిచెంబు గారూ, పలుకులు ఎన్ని అన్నది కాదు, ఎలా పలికాయన్నది చూడండి. పియానో మెట్టు నొక్కాక ఇక శ్రుతి కదలదు. వీణలో తీగ లాగినట్టు గమకం తియ్యలేం. అందుకే బ్లూస్ వాళ్లు నల్లమెట్టు మీద పెట్టిన వేలిని పక్కనున్న తెల్లమెట్టు మీదకి జారుస్తారు. సి షడ్జమం అనుకుంటే సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి అన్నమాట. ముందే జారిస్తే తప్పు నొక్కినట్టుంటుంది, నిదానిస్తే రెండు విడివిడి స్వరాలైపోతాయి. మడ్డీ 1977 ఆల్బమ్ 'హార్డ్ అగైన్' హెడ్‌ఫోన్స్‌లో వినండి. గిటార్లు, హార్మోనికా అంత హోరులో ఉన్నా పెర్కిన్స్ ఎక్కడా గొంతుకి అడ్డం రాడు. మృదంగం వాయించేవాళ్లలో ఈ గుణం ఉంటే మెచ్చుకుంటాం కదా, ఇక్కడెందుకు తక్కువ చెయ్యాలి?

రాగిచెంబు:
తక్కువ చెయ్యడం లేదు మాస్టారూ. స్పాన్ 1960 న్యూపోర్ట్ కచేరీలో మడ్డీ వెనకే వాయించాడు. గొంతుకి చోటిచ్చాడు, ఆ చోటు చుట్టూ ఇంకో పాట అల్లినట్టూ వాయించాడు. ఇంకో మాట. పెర్కిన్స్‌కి పేరు తెచ్చిన 'పైన్‌టాప్స్ బూగీ వూగీ' పైన్‌టాప్ స్మిత్ అనే పియానిస్టు 1928లో రికార్డ్ చేసినది. ఆ 'పైన్‌టాప్' అన్న పేరు కూడా అక్కడిదే.

ఎడమచెయ్యి:
ఒకే కీర్తనని పదిమంది పాడితే కాపీ అంటామా? స్మిత్ 1929లోనే పోయాడు. ఆ బాణీని తర్వాత దశాబ్దాల పాటు జనం ముందు వాయించింది ఈయన. రాక్ అండ్ రోల్ సంగీతకారుడు అయిక్ టర్నర్‌కి చిన్నప్పుడు పియానో నేర్పిందీ ఈయనే.

రాగిచెంబు:
అయిక్ టర్నర్ సంగతి నాకు తెలియదు, థ్యాంక్స్. 'హార్డ్ అగైన్' రాత్రి రెండుసార్లు విన్నాను. మంద్రస్థాయి గారు చెప్పిన జారుడు పట్టుకున్నాను, నిజంగానే బాగుంది. అయినా స్లో బ్లూస్ విషయంలో నా ఓటు స్పాన్‌కే. ఎడమచెయ్యి గారూ, ఆ ముంజేతి నొప్పి తగ్గిందా? నాకూ అదే ఇబ్బంది.

ఎడమచెయ్యి:
తగ్గిందండీ. 120 మానేసి 70కి దిగాను, మణికట్టు వదులుగా పెట్టుకున్నాను. మూడు వారాలు ఎడమచెయ్యి ఒక్కటే వాయించండి, కుడిచేతిని ఒళ్లో పెట్టుకోండి.