రాజధాని విషయంలో కోర్టు ఎంతవరకు వెళ్లొచ్చు?

సీమ కుర్రోడు:
అమరావతిని ఆరు నెలల్లో అభివృద్ధి చేయాలని 2022 మార్చి 3న ఏపీ హైకోర్టు ఆదేశించింది. గడువులపై నవంబర్ 28న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, కోర్టులు టౌన్ ప్లానర్లు కాగలవా అని అడిగింది. జనం ఓటేసిన ప్రభుత్వం విధానం మార్చుకుంటే కోర్టులకేం పని? ఖజానాలో ఎంతుందో జడ్జిగారికి తెలుసా?

బెజవాడ మనిషి:
గడువుల దగ్గర నేనూ మీ వైపే. రోడ్లు, డ్రైన్లు, మంచినీళ్లు, కరెంటు నెలలోనే ఇవ్వాలని కూడా ఆ తీర్పులో ఉంది, టెండరు పిలవడానికే ఆ నెల చాలదు. ఇంకో మాట కూడా అంటాను. మూడు రాజధానుల చట్టాలను ప్రభుత్వం 2021 నవంబర్‌లోనే వెనక్కి తీసుకుంది. లేని చట్టం మీద విచారించి, రాజధానిని మార్చే అధికారం అసెంబ్లీకి లేదని తేల్చడం గీత దాటడమే.

అయితే కోర్టులకు ఇందులో పనే లేదంటే ఒప్పుకోను. రైతులు రాజధాని కోసం సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చారు. బదులుగా జరీబు (నీటి వసతి ఉన్న) ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లపాటు కౌలు అన్నారు. మొదటి ఏడు 50 వేలు, తర్వాత ఏటా 5 వేల పెంపు. ఏడాది పొడవునా కూరగాయలో, అరటో పండే నేల అది. దాన్ని వదులుకుని 9.14 ఫారం (భూమి ఇచ్చే ఒప్పందం) మీద సంతకం పెట్టింది రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏతో, ఏ పార్టీతోనూ కాదు. ముఖ్యమంత్రి మారితే ఆ కాగితం చెల్లదా?

సీమ కుర్రోడు:
కౌలు 15 ఏళ్లకు పెంచుతామని జగన్ ప్రభుత్వం 2020లోనే చెప్పింది కదండీ. అది చాలదా?

బెజవాడ మనిషి:
చాలదండీ. ఆ 450 గజాలకు విలువ వచ్చేది పక్కన రాజధాని వస్తుందనే. రాజధాని లేకపోతే అక్కడ కొట్టు పెట్టేదెవరు, కొనేదెవరు? ఐదేళ్లు ఎక్కువ కౌలిస్తే ఆ నష్టం పూడదు. ప్రభుత్వం మనసు మార్చుకోవచ్చు, ఆ హక్కు ఉంది. మార్చుకున్నాక ఈ రైతుకు ఏం ఇస్తావు, ఎప్పుడు ఇస్తావు, లెక్క చూపించు అని నిలదీయాల్సింది కోర్టే. రైతుకు ఇంకో గడప లేదు. సచివాలయం ఏ ఊళ్లో కట్టాలన్నది మాత్రం అసెంబ్లీకి వదిలేయాలి, అది నాకు నచ్చని ఊరైనా సరే.