క్రిప్టో మైనింగ్ రిగ్‌లో (కాయిన్ల కోసం రాత్రీపగలూ నడిచే కంప్యూటర్) మూడు గ్రాఫిక్స్ కార్డులు ఒకేసారి పోయాయి, ఎవరైనా చెప్పండి

మారతహళ్ళి రిగ్: రాత్రి పదకొండు నుంచి కూర్చున్నా, ఇప్పుడు నాలుగైంది, బుర్ర పనిచేయట్లేదు. ఆరు ఆర్‌ఎక్స్ 580 కార్డులు, రెండేళ్ళుగా ఏ గొడవా లేకుండా నడిచాయి. నిన్న స్విచ్ వేయగానే టప్‌మని శబ్దం, కాలిన వాసన. మూడు కార్డులకు ఫ్యాన్ కూడా కదలట్లేదు, మిగతా మూడూ బాగానే ఉన్నాయి. రైజర్లు (కార్డుని మదర్‌బోర్డుకి కలిపే పొడిగింపులు) మార్చాను, స్లాట్లు మార్చాను, బయోస్ రీసెట్ చేశాను. వారం నుంచి మా వీధిలో కరెంట్ ఊరికే పోయి వస్తోంది, దానివల్లేనా? కార్డులు బతుకుతాయా లేదా చెప్పండి చాలు.

వైరింగ్ పెద్దాయన: తమ్ముడూ, ముందు ఎర్త్ చూసుకో. బెంగళూరులో నేను చూసిన అద్దె ఇళ్ళలో చాలావాటికి త్రీ పిన్ సాకెట్ పేరుకే, మూడో రంధ్రానికి వెనక వైరే ఉండదు. అలాంటి చోట పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల రిగ్ ఫ్రేమ్ మీదికి 115 వోల్టుల దాకా వస్తుంది, చెయ్యి వేస్తే జిల్లుమంటుంది. కరెంట్ తక్కువే కాబట్టి మనిషికి ఏమీ కాదని వదిలేస్తారు, కానీ లోపల నిజంగా లీకేజీ వచ్చిన రోజు కాపాడేది ఆ ఒక్క వైరే. ఇరవై నాలుగు గంటలు నడిచే రిగ్ అది, రాత్రి నువ్వు పక్కగదిలో నిద్రపోతుంటావు.

రిపేర్ బెంచ్: నిన్న ఏం మార్చావు?

మారతహళ్ళి రిగ్: ఏమీ మార్చలేదన్నా. ఉన్నది ఉన్నట్టే.

కేఆర్ పురం: ఇంకా మైనింగ్ చేస్తున్నారా బ్రదర్? 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్ అక్కర్లేని ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారాక నేను కార్డులన్నీ అమ్మేశాను. మిగిలిన కాయిన్లతో కరెంట్ బిల్లు కూడా వచ్చేది కాదు, పైగా క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. రిపేరుకి డబ్బు పెట్టేముందు లెక్క వేసుకోండి.

మారతహళ్ళి రిగ్: లెక్క తర్వాత చూసుకుంటాను బ్రదర్, నా డబ్బు ఆ కార్డుల్లోనే ఉంది. అయినా గ్రౌండ్ బాగాలేకపోతే ఆరూ పోవాలి కదా?

వైరింగ్ పెద్దాయన: గ్రౌండ్ వేరు, ఎర్త్ వేరు. నేను చెప్పింది గోడలో ఉండే ఎర్త్.

కేఆర్ పురం: రెండూ ఒకటే కదండీ, పవర్ సప్లై బాడీ దగ్గర కలిసే ఉంటాయి.

వైరింగ్ పెద్దాయన: కలిసి ఉన్నంత మాత్రాన ఒకటి కావు. గ్రౌండ్ అంటే పవర్ సప్లై నుంచి కార్డుకి వెళ్ళే నల్ల వైరు, 12 వోల్టులు తిరిగి వెళ్ళే దారి; ఎర్త్ అంటే గోడలోని ఆకుపచ్చ వైరు, ప్రమాదం వచ్చినప్పుడు దారి. ఈ తేడా తెలియకుండా సాకెట్లు విప్పొద్దు.

మారతహళ్ళి రిగ్: సరే పెద్దాయనా, సాయంత్రం ఎర్త్ చూపిస్తాను. కానీ పవర్ సప్లై కూడా నిన్న పెట్టిందేగా, పాత 850 తీసేసి సెకండ్ హ్యాండ్‌లో 1200 వాట్లది కొన్నాను, దానిలో లోపం ఉంటుందంటారా?

రిపేర్ బెంచ్: ఏమీ మార్చలేదన్నావు. కేబుళ్ళు దేనివి?

మారతహళ్ళి రిగ్: దాంతో మూడు కార్డులకే కేబుళ్ళు వచ్చాయి. మిగతా మూడింటికి పాత 850వి పెట్టాను, బిగుతుగా సరిగ్గానే పట్టాయి.

రిపేర్ బెంచ్: అదే. కార్డు వైపు పిన్నులు అందరివీ ఒకటే, పవర్ సప్లై వైపు మాత్రం ఏ కంపెనీ ఇష్టం దానిది, ఒకే కంపెనీలో మోడల్ మారినా మారొచ్చు. ప్లగ్ పట్టినా 12 వోల్టులు నల్ల వైరులోకి వెళ్ళి ఉండొచ్చు. పాత కేబుళ్ళు పెట్టిన మూడే పోయాయా చూడు. కార్డు బయటికి తీసి, ఎనిమిది పిన్నుల సాకెట్‌లో 12 వోల్ట్ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య మీటర్ పెట్టు. దాదాపు సున్నా ఓమ్స్ చూపిస్తే మాస్‌ఫెట్ (కార్డులో కరెంట్‌ని అదుపు చేసే చిన్న భాగం) షార్ట్ అయి ఉండొచ్చు, దాన్ని మార్చవచ్చు. షార్ట్ లేకపోతే ఆ సాకెట్ దగ్గర చిన్న ఫ్యూజ్ ఉందేమో చూడు, కొన్ని కార్డుల్లో ఉంటుంది. అది తెగి ఉంటే అదృష్టమే, కానీ షార్ట్ వెతక్కుండా కొత్త ఫ్యూజ్ వేస్తే అదీ పోతుంది. కార్డు ప్రధాన చిప్పే పోతే ఖర్చు పెట్టకు. ఆ పాత కేబుళ్ళు ఇంట్లో ఉంచకు, ఇంకోసారి పొరపాటున పెడతావు.

కేఆర్ పురం: రైజర్లకి కరెంట్ కోసం సాటా కేబుల్ (హార్డ్ డిస్క్‌లకి పెట్టేది) కూడా వాడొద్దు బ్రదర్. సాటా ప్లగ్‌లో 12 వోల్ట్ వైపు 54 వాట్లే, స్లాట్ నుంచి కార్డు 75 దాకా లాగొచ్చు. నాది కరిగిపోయింది.

మారతహళ్ళి రిగ్: అవునన్నా, ఆ మూడే. రెండిట్లో సున్నా చూపిస్తోంది, ఒకదాంట్లో ఫ్యూజ్ తెగింది. రేపు రిపేరుకి ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కి తీసుకెళ్తాను. థాంక్స్.

వైరింగ్ పెద్దాయన: ఎర్త్ చూపించావా తమ్ముడూ?